ఇద్దరి కోసం ఒకే ప్రార్థన

ఆ ఏడు చలి మొదలయ్యే రోజుల్లో మా బడి పిల్లలకు వరసగా జ్వరాలు వచ్చాయి. విడవలూరు దగ్గర మా ఊరి హైస్కూల్లో నేను తెలుగు చెబుతాను. ఏడో తరగతిలో సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. వచ్చినవాళ్లు కూడా దగ్గుతూ, ముక్కులు ఎగబీలుస్తూ కూర్చునేవాళ్లు. కోవిడ్ పోయి చాన్నాళ్లయింది, మాస్కు సంగతి అందరం మర్చిపోయాం. ఒకరోజు నోటుబుక్కులు దిద్దుతుంటే ఒక పిల్ల నా మొహం మీదే తుమ్మింది. పాపం భయపడి అట్లాగే నిలబడిపోయింది. "ఏం కాదులే, పోయి కూర్చో" అన్నాను.

ఆ వారం చివరికి నేను మంచం ఎక్కాను.

మాది ఉమ్మడి ఇల్లు. మా ఆయనా, మరిదీ కలిసి వరి పండిస్తారు, కాలవ అవతల రెండు రొయ్యల గుంటలు చూసుకుంటారు. నేను పొద్దున్నే బడికి వెళ్లిపోతే ఇల్లంతా నడిపేది నా తోడికోడలు. నాకన్నా పదేళ్లకు పైగా చిన్నది. కాపురానికి వచ్చిన రోజు నుంచి నన్ను అక్కా అనే పిలిచింది. నాకు పిల్లలు లేరు. దాని కూతురు ఆరో తరగతి, కొడుకు ఇంకా చిన్నవాడు. ఇద్దరూ నన్ను పెద్దమ్మా అంటూ నా గదిలోనే పెరిగారు. తన బిడ్డల్ని నా దగ్గర వదిలిపెట్టడానికి అది ఎప్పుడూ వెనకాడలేదు. ఆ ఇంట్లో నాకు లోటు తెలియకుండా చేసింది అదే.

జ్వరం వచ్చినన్నాళ్లూ నా పక్కనే ఉంది. జావ కాచి తెచ్చేది, తడిగుడ్డతో ఒళ్లు తుడిచేది, నేను దగ్గుతుంటే వెనక కూర్చుని వీపు రాసేది. "దూరంగా ఉండవే, నీకూ అంటుకుంటుంది" అన్నాను.

"అంటుకుంటే ఏమైద్దక్కా, రెండు బిళ్లలేసుకుంటే పోద్ది" అని నవ్వింది.

మళ్లీ చెప్పలేదు. గట్టిగా చెప్పాల్సింది. కానీ ఒళ్లంతా విరగ్గొట్టినట్టున్నప్పుడు వీపు మీద ఆ చెయ్యి ఎంతో హాయిగా ఉండేది.

జ్వరం తగ్గినట్టే తగ్గి ఆయాసం పట్టుకుంది. మంచం మీద నుంచి బాత్రూము దాకా నడిచేసరికి నిలబడలేకపోయాను. మా ఊరి డాక్టరు వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి చూసి, "నెల్లూరు తీసకపోండి, ఇప్పుడే" అన్నాడు. కారులో నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది కూడా అదే. కోవూరు దాటాక అది దగ్గడం నాకు వినిపించింది. ఒకటి రెండుసార్లు. నేను కళ్లు తెరవలేదు.

ఆసుపత్రిలో పరీక్షలు చేసి ఫ్లూ అన్నారు. ఊపిరితిత్తులు రెండిటికీ పట్టేసిందట. మొదట ముక్కులో ఆక్సిజన్, తర్వాత మూతి మీద బిగించే మాస్కు. ఆ మాస్కులో నేను ఈదలేనిదాన్ని సముద్రంలో తోసేసినట్టు కొట్టుకున్నాను. చివరికి డాక్టరు మా ఆయన్ని బయటికి పిలిచి, గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాలన్నాడు.

ఆ తర్వాత జరిగిందంతా నాకు వాళ్లూ వీళ్లూ చెప్పిందే. చుట్టాలు ఫోన్లు చేసి, వెంటిలేటర్ ఎక్కినవాళ్లు మళ్లీ దిగరు, ఒప్పుకోవద్దు, ఇంటికి తెచ్చుకోండి అన్నారట. కోవిడ్‌లో మా వీధిలోనే అట్లా పోయినవాళ్లున్నారు. ఆ భయం ఎవరికీ పోలేదు. మా ఆయన మాత్రం ఫోను కట్టేసి, "ఏం చేస్తే బతుకుతుందో అది చెయ్యండి సార్" అన్నాడట. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ ఒక్క మాటతో నాకు గొట్టం పడింది.

నేను మత్తులో ఉండగానే నా తోడికోడలికి జ్వరం ముదిరింది. అదీ అదే ఆసుపత్రికి, అదే ఐసీయూకి వచ్చింది. మా అత్త ఊళ్లో పిల్లల్ని పెట్టుకుని కూర్చుంది. మా చర్చి వాళ్లు రోజూ సాయంత్రం ఆరాధనకు కూడి మా ఇద్దరి కోసం ప్రార్థన చేశారు. ఆడవాళ్లు ఉపవాసాలున్నారు. పేర్లు రెండూ కలిపే చదివేవాళ్లట.

మత్తులో ఉన్న రోజుల గురించి చెప్పేందుకు నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు వినపడేది, నేను గట్టు మీద నిలబడి ఎవరినో పిలుస్తున్నట్టు ఉండేది. తెలివి వచ్చేటప్పటికి నోట్లో గొట్టం లేదు, గొంతు కింద కోసి అక్కడ పెట్టారు. మాట రాదు. చెయ్యి ఎత్తాలంటే బస్తా ఎత్తినట్టుంది. నా వేళ్లు నావి కానట్టున్నాయి. మా ఆయన గౌను తొడుక్కుని వచ్చి నిలబడితే, ఆయన అరచేతిలో వేలితో నా తోడికోడలి పేరులో మొదటి అక్షరం రాశాను. ఆయనకు అర్థమైంది.

"బాగానే ఉండాది. జ్వరం వచ్చిందిగానీ తగ్గతా ఉండాది" అన్నాడు. అని అటు తిరిగి సెలైన్ సీసా కేసి చూశాడు.

ఒక మధ్యాహ్నం నర్సు వచ్చి, నాకు మింగడం వస్తుందో లేదో చూస్తానంది. చెంచాతో కొబ్బరినీళ్లు పోసింది. ఎన్నాళ్ల తర్వాతో నోటికి రుచి తగిలింది. తియ్యగా, చల్లగా గొంతులోకి జారింది. నేను నవ్వాను, చప్పుడు లేకుండా. "ఇంకొకటి" అని వేలు చూపించాను. నర్సు కూడా నవ్వింది. ఆ హాల్లోనే చివర ఒక మంచం చుట్టూ పచ్చ తెరలు లాగి ఉన్నాయి. లోపలికీ బయటికీ గబగబా తిరుగుతున్నారు. కొంతసేపటికి తిరగడం ఆగిపోయింది. పాపం ఎవరో, అనుకున్నాను. అనుకుని రెండో చెంచా తాగాను.

వార్డుకి మార్చాక కూడా దాని సంగతి ఎవరూ చెప్పలేదు. సైగ చేసి అడిగితే "నువ్వు కోలుకో ముందు" అనేవాళ్లు. మా మరిదే వచ్చి చెప్పాడు. గడ్డం పెరిగిపోయి, చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకుని ఉన్నాడు. స్టూలు లాక్కుని కూర్చుని, నా దుప్పటి అంచు సర్ది, "వదినా, అది లేదు" అన్నాడు.

నాకు ఇంకా మాట రాలేదు.

"అందరూ నీకు చెప్పొద్దన్నారు. నువ్వు అడగతానే ఉండావని అన్న చెప్పినాడు. నాకు అబద్ధం రాదు. మొన్న మంగళారం మధ్యాహ్నం పోయింది. అదే హాల్లో, చివర మంచం."

సరుగుడు తోట పక్కన మా సమాధుల్లో పెట్టేశారట. పిల్లలిద్దరూ మట్టి వేశారట. అతను ఏడవలేదు. నా కళ్లు తుడిచి, "డాక్టరు తిడతాడు, ఏడవబాక" అని వెళ్లిపోయాడు.

చివర మంచం. పచ్చ తెరలు. నోట్లో ఆ కొబ్బరినీళ్ల రుచి మళ్లీ వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి నేను సగం మనిషిని అయిపోయాను. కర్ర పట్టుకుని నడిచేదాన్ని. గొంతు దగ్గర రంధ్రం పూడి మచ్చ మిగిలింది. గొంతు బొంగురుపోయింది. నన్ను చూడటానికి ఊరంతా వచ్చింది. చచ్చి బతికి వచ్చావమ్మా అని నా చేతులు పట్టుకునేవాళ్లు. పట్టుకున్న చేతులు వదలకుండానే వరండాలో ఆడుకుంటున్న పిల్లల కేసి చూసేవాళ్లు. ఒకామె మా అత్తతో అనడం నా చెవిన పడింది: "పిల్లల తల్లి పోయి, పిల్లలు లేనామె మిగిలింది. దేవుడి లెక్క మనకేం తెలుస్తాది." ఆమె చెడ్డది కాదు, నా కోసం ఉపవాసం ఉన్నవాళ్లలో ఆమె ఒకతె. ఆమె అన్నది నేను రోజూ అనుకుంటున్నదే.

వంటింట్లో దాని చీరె కొంగు తగిలినట్టు ఉలిక్కిపడేదాన్ని. జావ కాచి ఇచ్చింది మా అత్త. ఆ గిన్నె చేతిలోకి తీసుకోలేకపోయాను.

ఒకరోజు పాపకు జడ వేస్తున్నాను. అద్దంలో నన్నే చూస్తూ అడిగింది. "పెద్దమ్మా, నీ జొరమే అమ్మకి వచ్చిందా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. బడిలో ఎంతమంది పిల్లలకు ఎన్ని సర్దిచెప్పి ఉంటాను! ఆ పిల్లకు అట్లాంటిదేదీ చెప్పలేకపోయాను. "నా దగ్గర్నించే వచ్చుంటుంది నాన్నా" అన్నాను.

అది జడ ముందుకు లాక్కుని చూసుకుంది. తర్వాత, "రిబ్బను గట్టిగా కట్టు, ఊడిపోతా ఉంది" అంది.

ఆ తర్వాత ఆదివారం చర్చిలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మా దగ్గర అది మామూలే. జబ్బు నుంచి లేచినవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు, గండం దాటినవాళ్లు ముందుకు వచ్చి దేవుడు తమకేం చేశాడో చెబుతారు. పాస్టరు అయ్యగారు ముందురోజే ఇంటికి వచ్చి చెప్పిపోయారు. "టీచరమ్మా, నీ సాక్ష్యం వింటే సంఘమంతా బలపడతాది" అన్నారు. సరేనన్నాను. కాదనడానికి కారణం ఏం చెప్పాలో తెలియలేదు.

లేచి నిలబడ్డాను. ఎదురుగా ముందు చాప మీద పిల్లలిద్దరూ, వాళ్ల వెనక గోడకి ఆనుకుని మా మరిది. ఆడవాళ్ల వైపు మా అత్త. చెప్పాల్సింది ఏమిటో నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి ఎన్నో వందలసార్లు విన్నాను. దేవుడు మీ ప్రార్థన ఆలకించాడు, నన్ను మరణపు గుమ్మం నుంచి లేవనెత్తాడు. ఆ రెండు వాక్యాలు చెప్పి కూర్చుంటే అయిపోయేది.

నా బొంగురు గొంతుతో ఇట్లా అన్నాను. "మీరు నా కోసం ఉపవాసం ఉండారు. మా చెల్లి కోసం కూడా ఉండారు. ఇద్దరి పేర్లూ కలిపే ప్రార్థన చేసినారు. దేవుడు మీ మాట విని నన్ను బతికించినాడని నేను చెప్తే, దాని సంగతిలో వినలేదని చెప్పినట్టే కదా. దాని బిడ్డలు ఇక్కడే కూర్చోనుండారు. నేను అట్టా చెప్పలేను. నన్ను చూసుకుంటా అది జబ్బు తెచ్చుకునింది. నేనెందుకు మిగిలినానో నాకు తెలీదు."

ఎవరో ముసలామె అలవాటుగా "స్తోత్రం" అనబోయి ఆగిపోయింది. మా మరిది లేచి బయటికి వెళ్లిపోయాడు. అయ్యగారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు గానీ పాట సాగలేదు.

ఇంటికి వచ్చాక మా అత్త చెప్పులు విప్పుతూనే అంది. "దేవుడు ఇచ్చిన ఊపిరితోనే కదా ఆ మాట అన్నావు?" ఆమెకి నా మీద కోపం కన్నా భయం ఎక్కువ. ఇంటికి ఇంకేం వస్తుందోనని. మా ఆయన మాత్రం అన్నం తింటూ, "అనాల్సింది అనింది, వదిలెయ్యమ్మా" అన్నాడు.

మరిది నాతో మాట్లాడటం మానేశాడు. ఎదురుపడితే తల వంచుకుని గుంటల దగ్గరికి పోయేవాడు. పిల్లల ముందు వాళ్ల అమ్మ చావుని ఎత్తి నడిబజార్లో పెట్టినట్టు చేశాను, అందుకే అనుకున్నాను. క్షమించమని అడుగుదామని రెండుసార్లు గుంట గట్టు దాకా పోయి, మేత చల్లుతున్న అతన్ని చూసి వెనక్కి వచ్చాను.

ఊపిరితిత్తులు చూపించుకోవడానికి మళ్లీ నెల్లూరు వెళ్లాల్సిన రోజు మా ఆయనకి కోతల పని పడింది. "నేను తీసకపోతాలే" అన్నాడు మరిది. నేను ఆశ్చర్యపోయాను. బస్సులో పక్కపక్కనే కూర్చున్నా ఒక్క మాట లేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగిపోయి, రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు.

"వదినా, డాక్టరుని నేనొకటి అడగాల. నువ్వు పక్కనుంటే అడగతా."

"ఏం అడగాలబ్బా?"

"దానికి ఆయాసం ఎక్కువైనప్పుడు, గొట్టం వెయ్యాల, వెంటిలేటర్ పెట్టాల అన్నారు. సాయంత్రం. నేను ఆగమన్నా. నువ్వు అప్పటికే దాని మీద ఉండావు, లేస్తావో లేదో తెలీదు. అందరూ వద్దన్నారు. ఇంటో ఇద్దరూ దాని మీదనే ఉంటే ఎట్టా అనుకున్నా. మాస్కుతోనే చూడండి సార్, రొంత ఆగండి అని బతిమాలినా. తెల్లారి అది నీలం తిరిగినాక సరే అన్నా. మా అన్న వెంటనే సరే అన్నాడు, నువ్వు బతికినావు. నేను ఆగమన్నా, అది పోయింది. నువ్వు చర్చిలో ఎందుకు మిగిలినానో తెలీదన్నావు. నాకు తెలుసు అనిపించింది. అందుకే లేచి వచ్చేసినా."

మెట్ల మీద మనుషులు మమ్మల్ని తప్పుకుని ఎక్కుతున్నారు. ఇన్నాళ్లూ ఈ మాట లోపల పెట్టుకుని పిల్లలకు అన్నం కలిపి పెట్టాడు. రోగం ఇచ్చింది నేను, ఆలస్యం చేసింది తను. ఎవరిది ఎక్కువో తేల్చుకుంటూ ఒకే ఇంట్లో ఇద్దరం తిరిగాం.

డాక్టరు నా ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూశాడు. మెట్లెక్కగలుగుతున్నానా, నిద్ర పడుతుందా అని అడిగాడు. అన్నీ అయ్యాక మా మరిది చేతులు కట్టుకుని అడిగాడు. "సార్, ఆ సాయంత్రమే పెట్టించి ఉంటే నా భార్య బతికుండేదా?"

డాక్టరుకి అతను ఎవరో గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది. గుర్తొచ్చాక కుర్చీ చూపించాడు.

"వెంటిలేటర్ జబ్బుని తగ్గించదు. ఊపిరితిత్తులు వాటంతట అవి కోలుకునేదాకా ఊపిరి నిలబెడుతుంది. అంతే. ఈమెవి కోలుకున్నాయి. ఆమెవి కోలుకోలేదు."

"వయసు చిన్నది కదా సార్. వదినకి షుగరు కూడా ఉండాది."

"అవును. ఆమెకే అవకాశం ఎక్కువని మేమూ అనుకున్నాం."

"నేను ఆగమన్నందుకేనా?"

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆలస్యం మంచిది కాదు. అది నిజం, కాదనను. కానీ ఆ రాత్రి వల్లే పోయిందని నేను చెప్పలేను. ముందే పెట్టినా పోయినవాళ్లున్నారు, ఆలస్యంగా పెట్టినా లేచి నడిచినవాళ్లున్నారు. మీకు ఊరట కోసం ఏమీ సంబంధం లేదంటే అది కూడా అబద్ధమే అవుతుంది. నాకు తెలీదు."

నేను అడగాలనుకున్నది కూడా అడిగాను. "నా దగ్గర్నించే దానికి అంటిందా సార్?"

"ఒకే ఇంట్లో ఉన్నారు. అయ్యుండొచ్చు. బయట కూడా అందరికీ ఉందప్పుడు." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "జబ్బుచేసిన మనిషిని ఇంటోవాళ్లు చూసుకుంటారు. చూసుకోవద్దని ఎవరం చెప్తాం?"

తప్పు మాదేనని తేల్చి చెబితే ఆ శిక్ష మోసేవాళ్లం. కాదంటే దించుకునేవాళ్లం. రెండూ దొరకలేదు. బయటికి వచ్చి ఆసుపత్రి ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడ్డాం. టీ గ్లాసు చేతిలో చల్లారిపోతుంటే మా మరిది అప్పుడు ఏడ్చాడు, నలుగురిలో, గ్లాసు పట్టుకునే. టీ బంకాయన ఏమీ అడక్కుండా నీళ్ల చెంబు పక్కన పెట్టాడు. ఆసుపత్రి ముందర అంగడి పెట్టుకున్నవాడికి అట్లాంటివి కొత్త కాదు.

"నీ మీద నాకేం లేదు వదినా" అన్నాడు మొహం కడుక్కున్నాక. "నువ్వు బతికినందుకు ఒకోసారి కోపం వచ్చేది. అది మాత్రం నిజం."

"నాకూ వస్తాది" అన్నాను.

తిరుగు బస్సులో పిల్లల బడి ఫీజు గురించీ, గుంటల్లో నీళ్లు మార్చడం గురించీ మాట్లాడుకున్నాం.

అతను ఇప్పటికీ చర్చికి ఒక వారం వస్తాడు, ఒక వారం రాడు. నన్ను మళ్లీ ఎవరూ సాక్ష్యం అడగలేదు. బడికి తిరిగి వెళ్తున్నాను. గట్టిగా పద్యం చదవలేను, పిల్లల చేత చదివిస్తాను. దగ్గే పిల్లల్ని ఇంటికి పంపేస్తున్నానని హెడ్మాస్టరు గారు ఒకటి రెండుసార్లు విసుక్కున్నారు.

మొన్న చలికాలం పాపకి జ్వరం వచ్చింది. థర్మామీటరు చూసి మా మరిది చొక్కా కూడా వేసుకోకుండానే బండి తీశాడు. డాక్టరు చూసి మామూలు జ్వరమే, ఛాతీ బాగుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది అన్నాడు. అయినా వేలి క్లిప్పు ఒకటి కొనుక్కొచ్చి గంటకోసారి పెట్టి చూస్తూనే ఉన్నాడు.

నేను మాస్కు కట్టుకుని పాప మంచం దగ్గర కూర్చోబోతే అది గోడవైపుకి జరిగిపోయింది.

"నువ్వు రాబాక పెద్దమ్మా. నీకు అంటుకుంటాది. పో."

దుప్పటి మూతి దాకా లాక్కుని, వెనక్కి వెనక్కి జరుగుతోంది. పదమూడేళ్ల పిల్ల, జ్వరంతో కళ్లు ఎర్రబడి, నన్ను తన నుంచి కాపాడాలని చూస్తోంది. ఆ మాట నేను దాని తల్లికి ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. ఇది నాలుగైదుసార్లు చెప్పింది. చివరికి ఏడుపు మొహం పెట్టింది.

"వదినా, నువ్వు లే. నేను కూర్చుంటా" అన్నాడు వాకిట్లోంచి మరిది.

"నువ్వు మాస్కు కట్టుకుని రా, ఇద్దరం కూర్చుందాం" అన్నాను.

అతను వచ్చి మంచం అటువైపు కూర్చున్నాడు. పాప మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మొహం చిట్లించి, "ఎవురో ఒకరు పోయి నాకు చారన్నం కలపండి, ఆకలేస్తా ఉంది" అంది. ఇద్దరం ఒకేసారి లేచాం.